ఉరిశిక్ష పడిన ఖైదీ ముందు కెమెరా: ఒక సంవాదం

హత్యానేరం రుజువై మరణశిక్ష పడిన మనిషి మీద డాక్యుమెంటరీ తీయవచ్చునా, తీస్తే ఏ హద్దులలో తీయాలి అనే ప్రశ్న ఈ దేశంలో 2015లో పెద్ద వివాదంగా మారింది గాని, ఉరికంబం ఎక్కబోయే ఖైదీతో పత్రికా విలేకరి మాట్లాడవచ్చునా అన్న రూపంలో అది అంతకు మూడు దశాబ్దాలకు పైగా ముందే సుప్రీంకోర్టు గడప తొక్కింది. డాక్యుమెంటరీ అంటే నటులతో ఆడించిన కథ కాదు; నిజమైన మనుషులను, పత్రాలను, స్థలాలను చూపిస్తూ, వాటి వరుసను, నిడివిని దర్శకుడు తేల్చే చిత్రం. చూపేది నిజమే అయినా ఏది ముందు చూపాలి, ఏది వదిలెయ్యాలి అనే నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండటం వల్లనే ఈ ప్రక్రియకు బలమూ వచ్చింది, ప్రమాదమూ వచ్చింది.

ఈ చర్చ రాజధానులకే పరిమితమైనది కాదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2022 జూన్ 2న వేర్వేరు న్యాయ జిల్లాలు కూడా అయ్యాయి. మరణశిక్ష విధించగల కోర్టులలో మొదటి మెట్టయిన సెషన్స్ కోర్టు ఇప్పుడు ఈ మూడు జిల్లా కేంద్రాలలోనూ జిల్లా స్థాయిలో ఉంది. అయితే సెషన్స్ జడ్జి విధించిన మరణశిక్ష దానంతట అది అమలు కాదు. ఇద్దరు న్యాయమూర్తులకు తగ్గని హైకోర్టు ధర్మాసనం దానిని ధ్రువీకరించాలి, ఆ తర్వాత సుప్రీంకోర్టులో అప్పీలు, పునఃసమీక్ష, చివరకు గవర్నరుకూ రాష్ట్రపతికీ క్షమాభిక్ష అర్జీ అనే మెట్లు ఉంటాయి. ఈ మెట్లన్నీ ముగిసేవరకు ఖైదీని ఉరికి సిద్ధమైనవాడిగా భావించి ఏకాంతంలో పెట్టకూడదని 1978లో సునీల్ బాత్రా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్యుమెంటరీ దర్శకుడు కాలుపెట్టేది తీర్పుకూ ఉరికీ నడుమ ఏళ్ల తరబడి సాగే ఈ కాలంలోకే.

ఈ సంవాదంలో రెండు పాత్రలున్నాయి. ఒకరు గతంలో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా, అంటే ప్రభుత్వం తరఫున నేరాన్ని రుజువు చేసే న్యాయవాదిగా పనిచేసి, ఇప్పుడు వనపర్తిలో ప్రాక్టీసు చేసే పెద్దావిడ. మరొకరు గద్వాలకు చెందిన యువ దర్శకుడు. ఇద్దరూ రెండు వాదాలకు రూపమిచ్చే కల్పిత పాత్రలే. వారు ప్రస్తావించే కేసులు, చిత్రాలు మాత్రం వాస్తవమైనవి.

న్యాయవాది: బాబూ, ఇటువంటి చిత్రానికి తొలి అభ్యంతరం చట్టం నుంచి కాదు, చనిపోయినవారి ఇళ్ల నుంచి వస్తుంది. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలో పదకొండు మందిని చంపాడనే ఆరోపణపై ఒక వ్యక్తిని అరెస్టు చేసినట్లు 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ప్రకటించారు; 2020లో వనపర్తి జిల్లాలో చనిపోయిన ఒకే ఇంటివారు నలుగురు కూడా ఆ లెక్కలో ఉన్నారు. అప్పుడు జనం నోళ్లలో నానింది నిందితుడి పేరూ, అతని పూజల తంతూ. చనిపోయినవారు మాత్రం పదకొండు అనే అంకెగా మిగిలారు. చంపినవాడు కథానాయకుడు, చచ్చినవారు లెక్క అన్న ఈ పద్ధతికే గంటన్నర నిడివి, మంచి సంగీతం, గంభీరమైన వ్యాఖ్యానం చేర్చితే దానికి డాక్యుమెంటరీ అని గౌరవం దక్కుతుంది. ఆ గౌరవం దేనికి?

దర్శకుడు: మేడమ్, మీరిచ్చిన ఉదాహరణలోనే అసలైన తేడా దాగి ఉంది. అది విచారణలో తేలవలసిన ఆరోపణ. నిందితుడు వేరు, నేరం రుజువైన దోషి వేరు. తీర్పుకు ముందే నిందితుడి చుట్టూ చిత్రం అల్లడం తప్పన్నది ఇద్దరూ ఒప్పుకోవలసిన మాటే. కానీ తీర్పు వెలువడిన తర్వాత అడగవలసిన ప్రశ్నలు వార్తలలో ఇమడవు. నిధి దొరుకుతుందన్న ఆశతో మనుషులు భూములు రాసిచ్చే స్థితి ఎలా వస్తుంది, 2020లో జరిగిన మరణాలకు ఈ కేసుతో సంబంధం ఉందని 2023లో గాని పోలీసులు చెప్పలేకపోవడానికి కారణాలేమిటి అన్నవి నిదానంగా, పత్రాలు దగ్గర పెట్టుకుని విచారించవలసినవి. వార్త అరెస్టుతో మొదలై అరెస్టుతోనే ముగుస్తుంది. డాక్యుమెంటరీకి పని అక్కడే మొదలవుతుంది.

న్యాయవాది: తీర్పు తర్వాత తీసిన చిత్రం ఏం చేసిందో దేశం చూసింది. 2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచారం, హత్య కేసులో మరణశిక్ష పడిన నలుగురిలో ఒకడైన ముకేశ్ సింగ్‌ను లెస్లీ ఉడ్విన్ తిహార్ జైలులో ఇంటర్వ్యూ చేసి ‘ఇండియాస్ డాటర్’ తీశారు. ఆ ఖైదీ అందులో నేరాన్ని బాధితురాలి మీదికే నెట్టాడు. పశ్చాత్తాపం లేదు, సమాజానికి కొత్తగా తెలిసిందీ లేదు. 2015 మార్చిలో ఢిల్లీ కోర్టు ప్రసారాన్ని ఆపింది, కేంద్రం నిషేధం అమలు చేసింది, బీబీసీ మాత్రం బ్రిటన్‌లో మార్చి 4న ప్రసారం చేసింది. అప్పటికి సుప్రీంకోర్టులో అప్పీలు తేలలేదు. అది 2017 మే 5న తేలింది. న్యాయమూర్తుల ముందు కేసు ఉండగానే, దోషి మాటలు ప్రపంచమంతా విన్న తర్వాత అతనికి శిక్ష తగ్గించాలని నిష్పాక్షికంగా వాదించే అవకాశం మిగులుతుందా? చిత్రం బాధితురాలికి అవమానం, దోషికి అన్యాయం ఒకేసారి చేసింది.

దర్శకుడు: చివరి మాటలో నిజముంది, అప్పీలు తేలకముందే దోషి నోటి మాటను విడుదల చేయడం ఆ చిత్రంలోని లోపమే. కానీ కొత్తగా తెలిసిందేమీ లేదనడం సరికాదు. అదే చిత్రంలో ఇద్దరు డిఫెన్సు న్యాయవాదులు ఆడవారి గురించి మాట్లాడిన తీరు చూసి బార్ కౌన్సిల్ వారికి నోటీసులిచ్చింది. అంటే జైలుగోడల వెనుక ఉన్న మనిషి ఆలోచన నల్లకోటు వేసుకున్నవారి ఆలోచనకు ఎంత దగ్గరగా ఉందో చిత్రం బయటపెట్టింది. అది దోషికి పీట వేయడం కాదు, అతడు ఒంటరివాడు కాదని చూపడం. ఇక మరణశిక్ష ఖైదీతో మాట్లాడే హక్కు కొత్తదేమీ కాదు. ఢిల్లీలో అక్కాతమ్ముళ్ల హత్యకేసులో ఉరిశిక్ష పడిన బిల్లా, రంగాలను ఇంటర్వ్యూ చేసేందుకు హిందుస్థాన్ టైమ్స్ విలేకరి ప్రభాదత్ సుప్రీంకోర్టుకు వెళ్లగా, ఖైదీలు ఒప్పుకుంటే, జైలు నియమాల ప్రకారం తగిన కారణం చూపి నిరాకరిస్తే తప్ప, అనుమతి ఇవ్వాలని కోర్టు చెప్పింది.

న్యాయవాది: ఖైదీలు ఒప్పుకుంటే అన్న షరతులోనే చిక్కంతా ఉంది. చావు ఎదురుగా ఉన్న మనిషి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదని ఎలా చెప్పగలం? కెమెరా తన ప్రాణాన్ని కాపాడుతుందన్న ఆశ, పేరు నిలుస్తుందన్న కోరిక, ఒంటరితనం, ఇంటికి డబ్బు చేరుతుందన్న లెక్క ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. అమెరికాలో ఆరుగురు మగవారిని చంపినట్లు కోర్టులో తేలిన ఐలీన్ వూర్నోస్ గురించి నిక్ బ్రూమ్‌ఫీల్డ్ 1992లో తీసిన చిత్రం ముఖ్యంగా చూపింది ఆమె కథను చుట్టుపక్కలవారు ఎలా అమ్మకానికి పెట్టారన్న సంగతినే. అదే దర్శకుడు 2002 అక్టోబరులో ఆమెకు శిక్ష అమలు చేయడానికి ముందు రోజు మళ్లీ ఆమె ముందు కెమెరా పెట్టాడు. ఆమె మానసిక స్థితి బాగా లేదని ఆ చిత్రమే చెబుతుంది. మతి నిలకడగా లేని మనిషి సమ్మతి ఏపాటిది? మన రాష్ట్రంలోనే మిర్యాలగూడ పరువు హత్య మీద రాంగోపాల్ వర్మ ‘మర్డర్’ అనే కథాచిత్రం తీసినప్పుడు విచారణ ఇంకా నడుస్తోంది. నల్లగొండ కోర్టు ఇచ్చిన స్టేను హైకోర్టు ఎత్తివేశాక 2020 డిసెంబరులో అది విడుదలైంది. ఆ కేసులో తీర్పు, ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం, 2025 మార్చి 10న గాని రాలేదు. వ్యాపారం తీర్పుకోసం ఆగదు.

దర్శకుడు: వ్యాపార చిత్రం చేసిన తప్పును డాక్యుమెంటరీ నెత్తిన వేయడం కుదరదు, అయినా వ్యాపారం ప్రమాదమన్న మాట ఒప్పుకుందాం. దానికి ఎదురుగా ఎరోల్ మోరిస్ 1988లో తీసిన ‘ది థిన్ బ్లూ లైన్’ను నిలబెట్టాలి. 1976లో డల్లాస్‌లో ఒక పోలీసు అధికారిని చంపిన కేసులో రాండల్ డేల్ ఆడమ్స్‌కు మరణశిక్ష పడింది. 1979లో అమలుకు మూడు రోజుల ముందు అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్టే ఇచ్చాడు, తర్వాత శిక్ష యావజ్జీవంగా మారింది, కానీ నేరం చేసినవాడన్న ముద్ర మాత్రం పోలేదు. మోరిస్ సాక్షులను ఒక్కొక్కరిగా కెమెరా ముందు కూర్చోబెట్టి, వారి కథనాలు ఒకదానితో ఒకటి ఎలా పొసగవో చూపి, చివరకు అసలు నేరస్థుడిగా అనుమానించదగిన మనిషి గొంతును టేపులో వినిపించాడు. మరుసటి ఏడాది ఆడమ్స్ విడుదలయ్యాడు. మరణశిక్ష వెనక్కి తీసుకోలేని శిక్ష కనుక దాన్ని తిరిగి తూచే ప్రతి సాధనానికీ విలువ ఉంది.

న్యాయవాది: ఆ ఉదాహరణ పూర్తిగా చెప్పాలి. విడుదలయ్యాక ఆడమ్స్ తన జీవితకథపై హక్కులు ఎవరివన్న విషయంలో ఆ దర్శకుడి మీదే దావా వేశాడు. చివరకు రాజీ కుదిరింది. జైలు నుంచి విడిపించిన చిత్రంలో కూడా ఖైదీ కథకు యజమాని ఎవరన్న ప్రశ్న మిగిలిందన్నమాట. పైగా మన నేల మీద ఇద్దరిని ఉరి నుంచి తప్పించింది కెమెరా కాదు. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం ఆర్టీసీ బస్సులో పెట్రోలు పోసి నిప్పు పెట్టగా 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ కేసులో చలపతిరావు, విజయవర్ధనరావులకు పడిన మరణశిక్షను సుప్రీంకోర్టు 1996లో ఖాయం చేసింది. 1997 మార్చిలో ఉరికి తేదీ కూడా పడ్డాక స్టే వచ్చింది. పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు, న్యాయవాదులు అర్జీలు పెట్టారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు. అంతా కాగితం మీద, కోర్టులో, అర్జీలో జరిగింది. మరి కాలిపోయిన 23 మంది ఇళ్లవారి తరఫున ఏ దర్శకుడు దేశమంతా తిరిగాడు?

దర్శకుడు: చిలకలూరిపేట కేసు ఈ చిత్రానికి వ్యతిరేకంగా కాదు, ఇటువంటి చిత్రం ఎలా ఉండాలో చెప్పేందుకు పనికొచ్చే కేసు. అందులో దోషుల నేరంపై వివాదం లేదు. నేరం భయంకరమైనదన్న విషయంలోనూ లేదు. వాదం జరిగింది శిక్ష మీద: ఆ యువకులు దళితులు, పేదలు, వారి ఉద్దేశం దోపిడీయే గాని సామూహిక హత్య కాదు అన్న విషయాల మీద. అంటే డాక్యుమెంటరీ దోషిని నిర్దోషిగా చూపనక్కర లేదు. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ ‘ఇంటు ది అబిస్’ అనే చిత్రానికి టెక్సాస్‌లో మైకేల్ పెరీని అతని శిక్ష అమలుకు ఎనిమిది రోజుల ముందు ఇంటర్వ్యూ చేశాడు. కానీ నిర్దోషిత్వాన్ని నిరూపించే పని పెట్టుకోకుండా, చనిపోయినవారి బంధువులకూ జైలులో గతంలో మరణశిక్షలు అమలుచేసిన ఉద్యోగికీ అంతే చోటు ఇచ్చాడు. ఆ 23 ఇళ్ల దుఃఖాన్నీ ఇద్దరు ఖైదీల జీవితాన్నీ ఒకే చిత్రంలో నిలబెట్టడం సాధ్యమేనని దానర్థం. ఎమర్జెన్సీలో 1975 డిసెంబరు 1న హైదరాబాదు ముషీరాబాదు జైలులో ఉరితీసిన నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయంలోనూ తరతరాలు వాదించుకున్నది ఆ శిక్ష న్యాయమా అన్నదానిమీదే. ఆ జైలు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి ఉంది. అటువంటి సంగతులను నమోదు చేయడం చరిత్ర పని.

న్యాయవాది: చరిత్ర పని అయితే చరిత్ర అయ్యాకే చేయాలి. శిక్ష తగ్గించడానికి దోషి వయసు, మానసిక స్థితి వంటివి లెక్కలోకి రావాలని 1980లో బచన్ సింగ్ తీర్పే చెప్పింది. అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసులోనే ఉరి అన్న సూత్రం అందులోనిదే. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఖైదీ నేపథ్యంపై సమాచారాన్ని విచారణ కోర్టు స్థాయిలోనే సేకరించాలని ఆదేశించింది. అంటే ఆ జీవితకథకు చట్టంలోనే చోటు ఉంది. కోర్టులో చెప్పిన ప్రతి మాటకూ క్రాస్ ఎగ్జామినేషన్, అంటే ఎదుటి పక్షం ప్రశ్నించే అవకాశం ఉంటుంది. చిత్రంలో తల్లి ఏడిస్తే ఆ ఏడుపును ఎవరు ప్రశ్నిస్తారు? ఎడిటింగ్ బల్ల మీద కత్తిరించిన వాక్యం ఏ రికార్డులో దొరుకుతుంది?

దర్శకుడు: ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి: చిత్రీకరించిన మొత్తం కత్తిరించకుండా ఉండాలి, కోరిన రెండు పక్షాల న్యాయవాదులకూ అందుబాటులో ఉండాలి. అప్పుడు చిత్రంలో వదిలిన వాక్యానికీ సాక్ష్యం ఉంటుంది. అయితే చట్టంలో చోటు ఉన్నంత మాత్రాన ఆ చోటు నిండుతుందని అనుకోకూడదు. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం కోసం 373 మంది మరణశిక్ష ఖైదీలతో మాట్లాడితే, వారిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆర్థికంగా బలహీనులని తేలింది. 2020 మేలో వరంగల్ దగ్గర గొర్రెకుంటలో బావిలో తొమ్మిది శవాలు దొరికిన కేసులో అదే ఏడాది అక్టోబరు 28న మరణశిక్ష పడింది. ఆ దోషీ వలసవచ్చినవాడే, చనిపోయినవారిలోనూ వలస కూలీలే ఎక్కువ. బొంబాయికీ పూణెకూ బతుకుదెరువుకు వెళ్లే పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీ రేపు పరాయి రాష్ట్రంలో ఏదైనా కేసులో బోనెక్కితే, తన భాష తెలియని కోర్టుకు అతని బాల్యం గురించి ఎవరు చెబుతారు? ఆ వెలితి ఎంతుందో కొలిచి చూపడం డాక్యుమెంటరీ చేయదగిన పని.

న్యాయవాది: అటువంటి చిత్రం ఖైదీ ముఖం లేకుండానే తీయవచ్చు. జైలులోపలికి కెమెరా వెళ్లడానికి 2015 జులైలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాలు ఉన్నాయి: ముందుగా దరఖాస్తు, లక్ష రూపాయల డిపాజిట్, చిత్రీకరణ తర్వాత పరికరాలను పరిశీలన కోసం మూడు రోజులు సూపరింటెండెంటుకు అప్పగించడం వంటివి. అత్యాచారం ఉన్న కేసైతే బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడమే నేరం. వీటిని సాకులుగా కాక, కనీస మర్యాదలుగా చూడాలి.

దర్శకుడు: బాధితురాలి గోప్యత విషయంలో రెండో మాట లేదు. కానీ జైలు నడవడికే చిత్రంలో ప్రశ్న అయినప్పుడు, ఏ ముక్క బయటికి వెళ్లాలో జైలు అధికారే నిర్ణయిస్తే ఆ చిత్రం ప్రభుత్వ ప్రకటన అవుతుంది. పరిశీలన కావాలంటే అది జిల్లా న్యాయసేవాధికార సంస్థ వంటి వేరే చేతిలో ఉండాలి. ఖైదీ ముఖం అవసరమా అన్న మాటకు జవాబు: అతని నోట నేరవర్ణన అనవసరం, అతనిపై తీర్పు చెప్పిన విధానం అవసరం. చిత్రానికి విషయం హంతకుడు కాదు, రాజ్యం ఒక మనిషిని చంపాలని తీసుకునే నిర్ణయం.

న్యాయవాది: ఆ వాక్యాన్ని మీరు చివరివరకూ పాటిస్తే అభ్యంతరంలో సగం పోతుంది. మిగిలిన సగం సమయానిది. అప్పీళ్లు ముగియకముందే ఖైదీ మాటలు బయటకు రాకూడదు. ముగిశాక క్షమాభిక్ష అర్జీ నడుస్తున్నంత కాలం వచ్చినా, అది అర్జీకి మేలో కీడో చేయకుండా ఉండదు.

దర్శకుడు: క్షమాభిక్ష దశలో చిత్రం రావడం తప్పనిపించదు, మేడమ్. ఆ దశలో నిర్ణయం కోర్టుది కాదు, ప్రజాప్రభుత్వానిది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహాపై నిర్ణయిస్తారు. ప్రభుత్వ నిర్ణయంపై ప్రజలు మాట్లాడవలసిన సమయం ఏదైనా ఉంటే అది అదే.

ఉపసంహారం. ఈ సంవాదంలో ఇద్దరి మధ్య మిగిలిన భేదం చిన్నది కాదు. క్షమాభిక్ష కాలంలో చిత్రం విడుదల కావచ్చునా అన్నదాని మీద వారికి ఏకాభిప్రాయం కుదరలేదు, కుదరనవసరమూ లేదు. న్యాయవాది భయం జనాభిప్రాయం ఉరితాడును బిగించవచ్చునన్నది; దర్శకుడి ఆశ అదే జనాభిప్రాయం దాన్ని సడలించవచ్చునన్నది. రెండూ జరగగలవు. ఢిల్లీ కేసులో నలుగురికీ 2020 మార్చి 20న ఉరి అమలైంది, చిలకలూరిపేట కేసులో ఇద్దరికీ అది తప్పింది. మొదటిదానికి చిత్రమే కారణమనీ, రెండోదానికి చిత్రం లేకపోవడమే కారణమనీ ఎవరూ అనలేరు.

అయినా వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే తీర్పు ఒకటుంది. మరణశిక్ష ఖైదీపై డాక్యుమెంటరీని నిషేధించడం సరైన మార్గం కాదు; నిబంధనలు లేకుండా వదిలివేయడమూ సరైన మార్గం కాదు. విచారణ నడుస్తున్న నిందితుడి జోలికి వెళ్లకూడదు. ఖైదీ సమ్మతిని అతని న్యాయవాది సమక్షంలో తీసుకోవాలి, అది ఎప్పుడైనా ఉపసంహరించుకునే వీలుండాలి. ఎవరికీ డబ్బు చెల్లించకూడదు. మృతుల కుటుంబాలకు చిత్రం మొదలుపెట్టకముందే చెప్పాలి, వారు మాట్లాడదలచుకుంటే ఖైదీకి ఇచ్చినంత చోటు ఇవ్వాలి, మౌనంగా ఉండదలచుకుంటే ఆ మౌనాన్ని దృశ్యంగా వాడుకోకూడదు. ఖైదీ నేరవర్ణనను అప్పీళ్లు తేలేవరకు విడుదల చేయకూడదు. కత్తిరించని చిత్రీకరణ అంతా భద్రపరచాలి. ఈ ఆరు షరతులకూ ఒప్పుకోని దర్శకుడు తీసేది డాక్యుమెంటరీ కాదు, నేరానికి ప్రచారం. వాటికి ఒప్పుకుని వచ్చిన దర్శకుడికి జైలు తలుపు మూసే ప్రభుత్వం కాపాడుతున్నది బాధితులను కాదు, తన నిర్ణయాన్ని ప్రశ్న నుంచి కాపాడుకుంటోంది.